సబ్జా నీళ్లు, పేగు లోపలి గుంతలు

మా కొడుకు పేగులో ఏముందో చూడటానికి పంపిన కెమెరా సగం దూరం పోయి ఆగిపోయింది. దాన్ని ఆపింది నేను. ఈ ముక్క ముందే చెప్పేస్తే మిగతాది రాయడం నాకు తేలిక.

నాకు అక్షరాలు వచ్చింది యాభై దగ్గర పడ్డాక. అంతకు ముందు మన్సూరాబాద్‌లో పాలు, పెరుగు అమ్ముకుని బతికాను. నల్లగొండ పల్లె నుంచి మేం వచ్చినప్పుడు అక్కడ బర్రెలు మేయడానికి జాగా ఉండేది. ఇప్పుడు బర్రె నిలబడాలన్నా పార్కింగ్ కోసం కొట్లాడాలి. మనవరాలు బడిలో అఆలు మొదలుపెట్టిన ఏడు, మా కోడలు ఆ పలకే నా చేతిలో పెట్టింది. కోడలి వాళ్లది కృష్ణా జిల్లా, తల్లిదండ్రులు దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడ్డారు. నేను ఆమె మాటతీరును వెక్కిరించేదాన్ని. ఆమె నవ్వేసి, "అలాగే అత్తయ్యా, ముందు ఈ 'క' దిద్దండి" అనేది. ఇప్పటికీ ఒక్కో అక్షరం మీద వేలు పెట్టే చదువుతాను. నెమ్మదిగా చదువుతానే గానీ చదివింది మరచిపోనని నాకు పొగరు.

మా కొడుక్కి ముప్పై ఎనిమిదేళ్లు. ట్రాలీ ఆటో నడుపుతాడు. పెద్ద అంబర్‌పేట్ వైపు గోదాముల నుంచి సరుకు తెచ్చి దిల్‌సుఖ్‌నగర్ దుకాణాలకు వేస్తాడు. ఇంజను సీటు కిందే ఉంటుంది. ఎండాకాలం ఆ సీటు మీద రొట్టె కాల్చుకోవచ్చు. అందుకే, దొడ్డికి పోతే రక్తం పడుతోందని కోడలు భయపడుతూ చెప్పినప్పుడు నేను తేలిగ్గా తీసిపారేశాను. "వేడి చేసిందిలే. గా సీటు మీద కూసుంటె ఎవలకైనా పడ్తది" అన్నాను. మూడు నెలలు మజ్జిగ, బార్లీ, సబ్జా పోశాను. వాడు మెడికల్ షాపులో పైల్స్ గోలీలు కొనుక్కుని మింగాడు. రక్తం తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది. ఒకరోజు వాడు మేకు తీసుకుని బెల్టుకు కొత్త బెజ్జం కొట్టుకుంటుంటే కోడలు చూసింది. మర్నాడే చెయ్యి పట్టుకుని ఎల్బీనగర్‌లో పేగుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. నేనూ వెంట పోయాను.

డాక్టరు నడివయసు మనిషి. అన్నీ అడిగి చివరికి నా వైపు తిరిగాడు. "మీ ఆయన ఎలా పోయారమ్మా?"

"పైల్స్ ఎక్కువై పోయిండు సారూ."

ఆయన కలం ఆపి నా మొహంలోకి చూశాడు. పైల్స్‌తో మనిషి చావడని ఆయనకు తెలుసు. నాకూ తెలుసు. మా ఆయన నలభై ఒకటో ఏట పోయినప్పటి నుంచి ముప్పై ఏళ్లుగా అందరికీ అదే చెబుతున్నాను. నోటికి అలవాటైపోయిన అబద్ధం నిజం కన్నా తొందరగా బయటికి వస్తుంది.

డాక్టరు కొలనోస్కోపీ చేయాలన్నాడు. వెనక నుంచి సన్నటి గొట్టం పంపి, దాని కొసన ఉన్న కెమెరాతో పెద్దపేగు మొత్తం చూస్తారట. ముందురోజు పేగును కడిగినట్టు ఖాళీ చేయాలి. దానికి ఏం చేయాలో తెలుగులో అచ్చేసిన కాగితం ఇచ్చారు. కోడలు చెయ్యి చాపింది. నేను ఇవ్వలేదు.

"నాకు సదువు నేర్పింది నువ్వే గదా, గింత నమ్మకం లేదా?" అన్నాను. ఆమె నవ్వి ఊరుకుంది.

కాగితం రెండుసార్లు చదివాను. గింజలున్న పండ్లు, కూరగాయలు తినవద్దు. నీళ్లు, కొబ్బరి నీళ్లు, వడగట్టిన మజ్జిగ తేట తాగవచ్చు. అక్షరం పొల్లుపోకుండా అలాగే చేయించాను. సాయంత్రం పొడి కలిపిన నీళ్లు మొదలుపెట్టాడు. గ్లాసు తాగడం, లోపలికి పరుగెత్తడం. నాలుగో గ్లాసుకు గోడకు ఆనుకుని కూలబడ్డాడు.

"అమ్మా, కడుపుల మంట లేస్తుంది. ఇగ నాతోని కాదు."

కోడలు అప్పుడే మనవరాలిని ట్యూషన్ నుంచి తీసుకురావడానికి పోయింది. మా ఇంట్లో ఎండాకాలం సబ్జా గింజలు ఎప్పుడూ నానుతూనే ఉంటాయి. పెద్ద గ్లాసు నిండా కలిపి ఇచ్చాను. నా లెక్క ఏమిటంటే, సబ్జా పండు కాదు, కూర కాదు. దాన్ని తినం, తాగుతాం. అది మాకు తిండి కిందికి రాదు, చలవ. కాగితంలో వద్దన్న పేర్లలో అది లేదు. వాడు గటగటా తాగి "జర నయం అనిపిస్తుంది" అన్నాడు. ఆ మాటకు నా కడుపు నిండింది. కోడలు వచ్చాక చెప్పాలని కూడా తోచలేదు. మంచినీళ్లు ఇచ్చిన సంగతి ఎవరైనా చెబుతారా?

మర్నాడు పొద్దున వాడిని లోపలికి తీసుకుపోయిన కాసేపటికే డాక్టరు బయటికి వచ్చాడు. అంత తొందరగా వస్తాడని మేం అనుకోలేదు. కోడలు లేచి నిలబడింది. ఆయన చేతిలో ఒక ఫోటో ఉంది. ఎర్రటి గోడ, దాని నిండా నల్లచుక్కలు, ఒక్కో చుక్క చుట్టూ జిగురు. కప్పగుడ్లలా ఉన్నాయి. చూడగానే నాకు తెలిసిపోయింది.

"ఇవేంటమ్మా? గొట్టంలో ఇరుక్కుని పూడిపోయింది. సగం కూడా చూడలేకపోయాం" అని ఆయన కోడలి మీద గట్టిగానే లేచాడు. "చదువుకున్నవారు కదా, గింజలు వద్దని కాగితంలో రాసి ఇచ్చాం కదా! చూసినంతలోనే మొటిమల్లాంటివి నాలుగు కనపడ్డాయి. మిగతా సగంలో ఏముందో నాకు తెలియదు. వారంలోగా మళ్లీ చేయాలి."

"మేం ఏమీ పెట్టలేదు సార్" అని కోడలు నా వైపు తిరిగింది. "అత్తయ్యా, మీరేమైనా ఇచ్చారా?"

మా బస్తీలో నా నోటికి పేరుంది. నల్లా దగ్గర నేను మాట్లాడితే వంతు మధ్యలో దూరినవాళ్లు బిందె తీసుకుని వెనక్కి పోయేవాళ్లు. ఆ రోజు నేను ఎదురుగా ఉన్న గోడ చూశాను. గోడ మీద చేతులు ఎట్లా కడుక్కోవాలో బొమ్మ ఉంది. దాన్నే చూస్తూ నిలబడ్డాను.

కోడలు డాక్టరు వైపు తిరిగి అంది. "పొరపాటైంది సార్. ఈసారి జాగ్రత్తగా ఉంటాం."

తిరిగి వస్తుంటే ఆటోలో మత్తు పూర్తిగా దిగని కొడుకు నా భుజం మీద తల పెట్టి అన్నాడు. "అమ్మా, నల్లగింజలంటున్రు. నిన్న నువ్విచ్చిన సబ్జానే గదా?"

కోడలు ఇల్లు చేరే దాకా బయటికే చూసింది. వాడిని పడుకోబెట్టి వంటింట్లోకి వచ్చి, తలుపు దగ్గరగా వేసింది.

"తెలియక ఇచ్చారు. దానికి నాకు కోపం లేదు అత్తయ్యా. ఆయన నన్ను తిడుతుంటే మీరు గోడ చూశారు చూడండి, అదీ నాకు నొప్పి. ఇంకా ఏమైనా దాచారా? మామయ్య పైల్స్‌తో పోయారన్నప్పుడు ఆ డాక్టరు మొహం నేనూ చూశాను."

నేను బియ్యం ఏరడం మొదలుపెట్టాను. ఏరడానికి వాటిలో ఏమీ లేదు.

అసలు ముప్పు మర్నాటి నుంచి మొదలైంది. కొడుకు మళ్లీ పరీక్షకు రానన్నాడు. పొద్దున్నే ఆటో కడిగి బయల్దేరుతుంటే కోడలు అడ్డం నిలబడింది.

"సగం చూసిన్రు గదా. ఆ సగంల సచ్చేటిదేం కనపడలే. ఇంక సగంల మాత్రం ఏముంటది?" అన్నాడు.

"మొటిమలున్నాయన్నారండీ."

"మొటిమలు మొహం మీద లేవా? దినాం అద్దంల చూసుకుంట లేనా?"

నవ్వించాలని చూశాడు. ఎవరూ నవ్వలేదు. రెండు రోజులు అదే తంతు. మూడో రోజు స్నానాల గదిలో నుంచి వాడి బట్టలు నేనే తీశాను. తువ్వాలు మధ్యలో చుట్టిపెట్టిన లుంగీకి రక్తం ముదురు రంగులో ఎండి ఉంది. వాడు దాన్ని దాచిన తీరు నాకు కొత్త కాదు. మా ఆయన కూడా అట్లాగే చుట్టి పెట్టేవాడు. బయట లోకం లేవక ముందే నేను ఆ పంచెలు బర్రెల తొట్టి దగ్గర ఉతికి ఆరేసేదాన్ని. పెద్ద దవాఖానలో డాక్టరు చెప్పిన జబ్బు పేరు ఎవరికీ చెప్పనని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. అప్పటికి ఇంట్లో పెళ్లి కావలసిన ఇద్దరు ఆడపడుచులు ఉన్నారు, వాళ్ల అమ్మ కూడా అట్లాగే రక్తం పోయి చనిపోయింది. ఇంటి మీద ముద్ర పడితే పిల్లలను ఎవరు చేసుకుంటారని ఆయన భయం. ఆడపడుచుల పెళ్లిళ్లయ్యాయి. నేను మాత్రం ఒట్టు వదల్లేదు.

ఆ పూటే ఒక్కదాన్నే దవాఖానకు పోయాను. చీటీ రాయించుకుని వంతు కోసం కూర్చున్నాను. డాక్టరు ముందు నిలబడి, కూర్చోమన్నా కూర్చోకుండా చెప్పాను. "సారూ, గింజలు నేనిచ్చిన. నా కోడలి తప్పు లేదు. ఇంకోటి. నా పెనిమిటి పోయింది పైల్స్‌తోని కాదు, పెద్దపేగు క్యాన్సర్‌తోని. ఆయన తల్లి గూడ గట్లనే పోయింది."

ఆయన కోప్పడలేదు. మళ్లీ కుర్చీ చూపించి, నేను కూర్చున్నాక మొదలుపెట్టాడు.

"ఇది మొదటి రోజే చెప్పుంటే బాగుండేదమ్మా. పేగు లోపలి పొర నున్నటి గోడ కాదు. నిండా సన్నటి గుంతలు ఉంటాయి, లక్షల్లో. ఒక్కో గుంత అడుగున కొన్ని మూలకణాలు ఉంటాయి. అవి రెండుగా చీలుతూ ఉంటాయి. కొన్ని అడుగునే మిగులుతాయి, కొన్ని గుంత గోడ పట్టుకుని పైకి జరుగుతాయి. పైకి చేరినవి నాలుగైదు రోజుల్లో రాలిపోతాయి."

"అంటె పెరుగు తోడు లెక్క. జరంత తీసి పక్కకు పెడ్తం, మిగతాది అమ్ముతం. తెల్లారి మళ్ల గా తోడుతోనే."

"సరిగ్గా చెప్పారు."

"మరి చీలుమని వాటికి ఎవలు చెప్తరు?"

ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. అడుగున పక్కనే ఉన్న కణాలు సంకేతం పంపుతాయట. అది కణం గోడను తడుతుంది. లోపల ఒక కబురు మోసేది ఉంటుంది, అది పోయి కణం నడిబొడ్డున ఉన్న కేంద్రకానికి 'చీలు' అని చెబుతుంది. గుంతలో పైకి పోయేకొద్దీ ఆ సంకేతం తగ్గుతుంది. అప్పుడు కబురు మోసేదాన్ని పట్టి ముక్కలు చేసే కాపలా ఒకటి కణంలోనే ఉంటుంది. ఆ కాపలా చెడితే, బయట నుంచి ఎవరూ చెప్పకపోయినా లోపల 'చీలు, చీలు' అంటూనే ఉంటుందట.

"ఎల్బీనగర్ చౌరస్తాలో ఎర్రలైటు వెలిగిందనుకోండి, బళ్లు ఆగుతాయి కదా..."

"ఆడ లైటు ఏడున్నది సారూ? వంతెనలు కట్టి తీసేసిండ్రు గదా."

ఆయనకు నవ్వొచ్చింది. "సరే, లైటు వద్దు. మీ పెరుగే నయం."

పెరుగు కూడా అంతా సరిపోలేదు. తోడు ఎక్కువైతే పులుస్తుంది, పారబోస్తాం. పేగును పారబోయలేం. ఆ మాటే అన్నాను.

"అందుకే తొందర" అన్నాడు డాక్టరు. "రాలిపోయే కణంలో ఏదైనా చెడితే దాంతోపాటే రాలిపోతుంది. అడుగునుండే మూలకణంలో చెడితే అక్కడే ఉండి, తనలాంటివే పుట్టిస్తుంది. ముందు మొటిమలా లేస్తుంది. తర్వాత ఇంకొన్ని చెడి ముదురుతుంది. ముదిరాక మందులు పెట్టి పైవాటిని చంపినా, అలాంటి మూలకణాలు కొన్ని మిగిలితే మళ్లీ మొలుస్తుంది. ఆ కాపలాను తయారుచేసే సూత్రానికి ప్రతి కణంలో రెండు ప్రతులు ఉంటాయమ్మా. తండ్రి నుంచి ఒకటి, తల్లి నుంచి ఒకటి. మీ అబ్బాయికి తండ్రి నుంచి వచ్చింది చెడ్డదై ఉండొచ్చు. నాది అనుమానమే, రక్త పరీక్షలో తేలాలి."

"మరి నాది?"

"మీది మంచిదైతే, ఇన్నేళ్లూ పని చేసింది అదే. కానీ కోట్ల కణాల్లో ఎక్కడో ఒకచోట అది కూడా చెడిపోతుంది. అలా చెడిన చోటల్లా ఒక మొటిమ."

బయటికి వచ్చి మెట్రో స్తంభం నీడలో నిలబడ్డాను. ముప్పై ఎనిమిదేళ్లు నా వంతు కాపలా కాసిందట. నేను మాత్రం దాని మీద సబ్జా నీళ్లు పోసి, పైన అబద్ధం కప్పాను.

మర్నాడు పొద్దున కొడుకు ఆటో తీసేసరికి నేను ముందు సీట్లో కూర్చుని ఉన్నాను.

"ఏంది, నువ్వు యాడికి?"

"నీతోనే. పెద్ద అంబర్‌పేట్ చూడక శాన దినాలైంది."

"ఆడ ఏమున్నది, గోదాములు. దిగమ్మా, సీటు కాలుతది."

"కాలనియ్. నడుపు."

విజయవాడ రోడ్డెక్కాక చెప్పాను. చేతులు స్టీరింగు మీద ఉన్న మనిషి లేచి పోలేడు, అందుకే అక్కడ చెప్పాను. వాళ్ల నాన్న ఎట్లా పోయాడో, పంచెలు ఎక్కడ ఉతికానో, వాళ్ల నానమ్మ సంగతి, డాక్టరు చెప్పిన గుంతలు, కాపలా, అన్నీ. అప్పుడు వీడికి ఎనిమిదేళ్లు. నాన్నకు నీరసం అని మాత్రమే వీడికి తెలుసు.

వాడు బండి పక్కకు తీసి ఆపాడు. వెనక లారీ హారన్ కొట్టుకుంటూ పోయింది.

"ముప్పై ఏండ్లు నాతోని చెప్పలే నువ్వు."

"చెప్పలే."

"మూడు నెలల సంది నేను రక్తం చూస్తున్న. నువ్వు వేడి వేడి అనుకుంట సబ్జా పోస్తున్నవ్. నీకు నాయిన యాదికి రాలేదా?"

"దినాం వచ్చిండు. అందుకనే వేడి అన్న. వేడి కాకపోతే ఏందో నాకు తెలుసు గనక."

వాడు స్టీరింగు మీద తల పెట్టాడు. ఏడుస్తున్నాడో, తిట్టుకుంటున్నాడో తెలియలేదు. చెయ్యి వేయబోతే భుజం తీసేశాడు. చివరికి ఫోను తీసి కోడలికి చేశాడు. "ఆ డాక్టర్‌కు ఫోన్ కొట్టు. ఎప్పుడు రమ్మంటడో అడుగు" అని పెట్టేశాడు. బండి తీసి గోదాముకు పోయి సరుకు ఎక్కించుకున్నాడు.

రెండోసారి కాగితం కోడలి చేతిలోనే ఉంది. నేను గడపలో కూర్చున్నాను. వాడు గ్లాసు తీసుకుని, "చేతులు చూపియ్ అమ్మా" అన్నాడు. చూపించాను. "ఏం లేవు" అని కోడలికి చెప్పి తాగాడు. నాలుగో గ్లాసుకు మళ్లీ మంట అన్నాడు. నేను కదల్లేదు. కొడుకు మంట అంటుంటే కదలకుండా కూర్చోవడం ఈ వయసులో కొత్తగా నేర్చుకున్నాను. అక్షరాలే నయం.

ఈసారి డాక్టరు చాలాసేపటికి వచ్చాడు. పేగు మొత్తం చూశాడట. ముప్పైకి పైగా మొటిమలు, కుడివైపు చిన్న నిమ్మకాయంత గడ్డ. ముక్క తీసి పరీక్షకు పంపారు. క్యాన్సరే అని వచ్చింది. ఎంతవరకు పాకిందో పేగు కోసి చూస్తే గానీ చెప్పలేమన్నాడు.

ఆపరేషన్ జరిగింది. పెద్దపేగు చాలామటుకు తీసేశారు. కోసిన పేగునూ దాని చుట్టూ ఉన్న గ్రంథులనూ పరీక్షకు పంపారు. ఆ ఫలితం కోసం గడిచిన రోజుల్లో మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. కొడుకు మంచంలో గోడవైపు తిరిగి ఉండేవాడు. నేను గంజి తెస్తే కోడలు తీసుకునేది, ఒకసారి గ్లాసులోకి చూసి మరీ తీసుకునేది. కాదనడానికి నాకు హక్కు లేదు.

కాగితం ఇంగ్లీషులో వచ్చింది. డాక్టరు గదిలో కోడలు నాకు వినపడేలా చెప్పింది. "గ్రంథుల్లోకి పాకలేదు అత్తయ్యా." గడ్డ పేగు గోడలోనే ఉందట. మందులు అక్కర్లేదు, కానీ మిగిలిన పేగును ఏటేటా చూడాలి. రక్త పరీక్షలో డాక్టరు అనుమానపడ్డదే తేలింది. ఆ కాపలా సూత్రంలో ఒక ప్రతి చెడ్డది.

కొడుకు వినగానే అడిగిన మొదటి మాట తన గురించి కాదు. "మరి నా బిడ్డది, సార్?"

"సగం అవకాశం ఉంది. ఉంటే ఉంది, లేకపోతే లేదు. రక్తం పరీక్ష చాలు. ఉందని తేలితే ఈ వయసు నుంచే పేగు చూసుకుంటూ పోతాం, మొటిమలు ముదరక ముందే తీసేస్తాం."

ఇంటికి వచ్చాక మొగుడు పెళ్లాలకు వాదన పడింది. మనవరాలిది పదో తరగతి.

"పరీక్షలయ్యాక చేయిద్దామండీ. ఇప్పుడు చెబితే చదువు పాడవుతుంది" అంది కోడలు.

"ఒద్దు. మా ఇంట్ల ఆగింది చాలు" అన్నాడు వాడు. నా వైపు చూడకుండానే అన్నాడు.

మనవరాలు పుస్తకం పట్టుకుని తలుపు దగ్గరే ఉంది. అంతా విన్నట్టుంది. "సూది ఒక్కటే కదా నాన్నా? సోమవారం మాకు మధ్యాహ్నం నుంచి సెలవు" అంది.

సోమవారం నలుగురం పోయాం. రక్తం తీస్తున్నప్పుడు పిల్ల కళ్లు మూసుకోలేదు, మా కొడుకు మూసుకున్నాడు. ఇది రాసే నాటికి ఫలితం ఇంకా రాలేదు. రోజూ పొద్దున కోడలు ఫోను చూసి తల అడ్డంగా ఊపుతుంది. కొడుకు మళ్లీ ఆటో తీస్తున్నాడు, బరువులు మాత్రం ఎత్తడం లేదు. ఫలితం ఎట్లా వచ్చినా ఆ పిల్లకు ఏం చేయాలో డాక్టరు చెప్పాడు, చెడ్డదని తేలితే పేగు చూపించాల్సిన తేదీలు కోడలు క్యాలెండరు మీద రాసింది. వాటిని నేను వేలు పెట్టి చదువుతున్నాను.